చల్లటి సముద్రంలో డైవింగ్: ఈ ఆరు ఫోటోల్లో ఉన్నవేంటో చెప్పగలరా?

నీలగిరి అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది నల్గొండ, పానగల్లు దగ్గర. రెండేళ్లుగా సియాటిల్‌లో ఉద్యోగం. నిరుడు అక్కడే స్కూబా నేర్చుకున్నాను, ఇప్పటికి 23 డైవులు అయ్యాయి. మా చిన్నాన్న కూతురి పెళ్లికి పది రోజుల కింద ఇంటికి వచ్చాను. వచ్చిన రోజే ఉత్సాహంగా జనవరిలో తీసిన ఫోటోలు టీవీకి పెట్టి ఇంట్లో అందరికీ చూపించాను, అక్కడే పరువు పోయింది.

మా నాయిన రిటైరైనప్పటి నుంచి ఉదయసముద్రం చెరువు కాడ గాలం వేసుకుని కూర్చునే మనిషి. మొదటి ఫోటో రాగానే "ఇదేం చేప?" అన్నాడు. తెలియదు అన్నాను. "ఎంత లోతున ఉండె?" అన్నాడు. నలభై యాభై అడుగులు ఉండొచ్చేమో అన్నాను. "దేని మీద కూసుంది?" రాయి కావచ్చు అన్నాను. "ఎంత పొడుగుంటది?" దానికి చేతులు చాపి ఏదో చూపించాను, నాకే నమ్మకం లేదు. "మరి గన్ని పైసలు పెట్టి, గంత చలిల దిగి, ఏం చూసొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన అడిగింది నిజమే కదా.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. అన్నీ వెస్ట్ సియాటిల్‌లోని సీక్రెస్ట్ కోవ్ 2 దగ్గర రెండు రోజుల్లో తీసినవి. నీళ్లు 8 డిగ్రీలు. కెమెరా చిన్నదే, టార్చ్ ఒకటే, అది కూడా రెండో రోజు సగంలో ఆగిపోయింది, కాబట్టి ఫోటోలు గొప్పగా లేవు, తిట్టకండి.

ఫోటో 1: తెల్లగా, గోబీపువ్వు కాడతో సహా నిలబెట్టినట్టు ఉంది. మునిగిపోయిన చెక్కల మీద వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటి మూరెడు ఎత్తు ఉండొచ్చు.

ఫోటో 2: పసుపు రంగు జలగలాంటిది, ఒళ్లంతా గరుకు, నల్ల చుక్కలు. వెనక వైపు పువ్వులాంటిది విచ్చుకుని ఉంది.

ఫోటో 3: వేలెడంత ఉంటుంది. ఒళ్లు గాజులా ఉంది, మీద నారింజ రంగు కుచ్చులు, ముందు నుంచి నీలం గీత. అన్నిట్లో ఇదే అందంగా ఉంది.

ఫోటో 4: రాళ్ల సందులోంచి బయటికి చూస్తున్న ముడతల ముఖం. మలుగుపాము అనుకుంటున్నాను. మా నానమ్మ దీన్ని చూసి "ఎవరీ ముసలాయన" అంది.

ఫోటో 5: పెద్ద చేప. రాళ్ల మధ్య థర్మకోల్ ముద్దలాంటి దాని పక్కన పడుకుని ఉంది. నేను దగ్గరికి పోయినా కదల్లేదు. జబ్బు చేసిందా?

ఫోటో 6: ఇందులో ఏముందో నాకే తెలియదు. టార్చ్ ఆగిపోయాక తీసింది. నా బడ్డీ (జతగా దిగే డైవర్) గట్టిగా వేలు పెట్టి చూపిస్తుంటే నొక్కాను, నాకు మాత్రం రాళ్లూ నాచూ తప్ప ఏం కనిపించలేదు. తర్వాత అడుగుదామనుకుని మర్చిపోయాను. అతను ఇప్పుడు వేరే ఊరికి మారిపోయాడు, మెసేజ్ పెడితే "ఏ ఫోటో?" అంటున్నాడు.

హాలియా నుంచి వాంకోవర్:

చెల్లె, ముందుగా సంతోషం. నాగార్జునసాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకున్న నేను కూడా ఇటే వచ్చి ఇదే నీళ్లలో దిగుతున్నాను, 9 ఏళ్లు అయింది. సరే, విషయానికి వస్తా.

ఒకటోది ప్లూమోస్ అనిమోన్, జెయింట్ రకం. మెట్రిడియం ఫార్సిమెన్ అంటారు. అది మొక్క కాదు, పువ్వు కాదు, జంతువే. ఆ గోబీపువ్వు భాగమంతా సన్నటి చేతులు, ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను, అంటే నీళ్లలో తేలే సన్నటి జీవులను పట్టి తింటుంది. తగిలితే మొత్తం ముడుచుకుని పిండిముద్ద అయిపోతుంది. అరచేతి కన్నా చిన్నవి చాప పరిచినట్టు గుంపుగా కనిపిస్తే అది వేరే జాతి, మెట్రిడియం సెనైల్. అది తనను తానే చీల్చుకుని పక్కన పిల్లలను పెడుతుంది. నీ ఫోటోలోది పెద్దదే, అనుమానం లేదు.

రెండోది సీ లెమన్.

మూడోది ఒపలెసెంట్ న్యూడిబ్రాంక్, హెర్మిసెండా ఒపలెసెన్స్. ఇది చాలా కామన్.

నాలుగోది మలుగుపాము కాదు! దీన్ని వుల్ఫ్ ఈల్ అంటారు గానీ ఈల్ కూడా కాదు, వుల్ఫ్‌ఫిష్ కుటుంబంలోది. నీ ఫోటోలో మెడ పక్కన విసనకర్రలాంటి రెక్క కనిపిస్తోంది చూడు. వెచ్చటి సముద్రాల్లో ఉండే మోరే ఈల్‌కు ఆ రెక్క ఉండదు. ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. తల ఇంత లావుగా, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి కాబట్టి మగది. ఆడదాని తల సన్నగా, రంగు ముదురుగా ఉంటుంది. ఒకే సందులో మగ, ఆడ కలిసి ఏళ్ల తరబడి కాపురం చేస్తాయి. ముఖం చూసి భయపడతారు గానీ అది తినేది ఎండ్రకాయలను, ముళ్ల అర్చిన్లను, గుల్లలను. పళ్లు వాటిని నమలడానికే. మీ నానమ్మ మాట మాత్రం కరెక్ట్, ఇక్కడి డైవర్లు కూడా ముసలాయన అనే అంటారు.

ఐదోది లింగ్‌కాడ్. దానికి జబ్బేం లేదు. ఆ థర్మకోల్ ముద్ద దాని గుడ్లు. అంటే పెట్టింది ఆడది, పెట్టి వెళ్లిపోయింది. కాపలా కాస్తున్నది మగది. మంచుకాలమంతా ఇదే సీన్. ఇంకోసారి అంత దగ్గరికి పోకు, గుడ్ల మీద ఉన్న మగ లింగ్‌కాడ్ డైవర్లను కరిచిన సందర్భాలు ఉన్నాయి. పళ్లు సూదుల్లా ఉంటాయి. పైగా నీకు భయపడి అది పక్కకు జరిగితే ఆ కాసేపట్లోనే వేరే చేపలు, నత్తలు వచ్చి గుడ్లు తినేస్తాయి.

ఆరోది రాళ్లు 😄

బాయిలో ఈతగాడు:

8 డిగ్రీలంటే ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు కదా మేడం. మేం నల్గొండలో మే నెలలో 44 డిగ్రీలకు అలవాటు పడినోళ్లం, సంక్రాంతికి బాయిలో దూకితేనే పళ్లు కొట్టుకునేవి. అందులో గంట సేపు ఎట్లా ఉంటారు? ఒకటే డౌట్. ఫోటోల గురించి నాకేం తెలియదు, ఆరో ఫోటోలో రాళ్లు బాగున్నాయి.

నీలగిరి అమ్మాయి:

గంట ఉండను అన్నా, 40 నిమిషాలు, మహా అయితే 45. డ్రై సూట్ అని ఉంటుంది, లోపలికి నీళ్లు రావు, మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు సీలు. లోపల దుప్పటిలాంటి బట్టలు వేసుకుంటాం. నీళ్లు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, కాబట్టి ఒంటికీ నీళ్లకూ మధ్య ఆ గాలి పొర ఉండాల్సిందే. దిగుతున్నకొద్దీ ఒత్తిడికి సూటు ఒంటికి పిండేసినట్టు అతుక్కుంటుంది, అప్పుడు సిలిండర్‌లోంచి కొంచెం గాలి సూట్‌లోకి ఎక్కించుకోవాలి. ముఖం మీద పెదాలు మాత్రం మొద్దుబారిపోతాయి. చేతులకు మందం గ్లౌజులు, వాటితో కెమెరా బటన్ నొక్కడమే ఒక పరీక్ష. నా ఫోటోల గతికి సగం కారణం అదే అని చెప్పుకుంటున్నాను 😅

పాలమూరు జువాలజీ:

అమ్మా, నేను పాలమూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. చల్లటి సముద్రంలో ఒక్కసారి కూడా దిగలేదు, అండమాన్‌లో రెండుసార్లు స్నార్కెల్ వేసుకుని తేలాను, అంతే. కానీ మెత్తటి ఒంటి జీవులంటే 40 ఏళ్ల పిచ్చి, కాబట్టి 2, 3 ఫోటోల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, విసుక్కోవద్దు.

మీ నాన్నగారు అడిగిన ప్రశ్నలు నేను ప్రాక్టికల్స్‌లో పిల్లలను అడిగేవే. ముఖ్యంగా "దేని మీద కూసుంది" అన్నది. ఈ న్యూడిబ్రాంక్‌లు అంటే గుల్ల వదిలేసిన సముద్రపు నత్తలు అనుకోండి. వీటిలో చాలావాటికి తిండి దగ్గర పట్టింపు ఎక్కువ. సీ లెమన్‌లు స్పాంజిలు తింటాయి. మూడో ఫోటోలోని హెర్మిసెండా హైడ్రాయిడ్‌లను, అంటే చెట్టు కొమ్మల్లా కనిపించే చిన్న కుట్టే జంతువులను తింటుంది, అంతటితో ఆగదు, వాటి కుట్టే కణాలను అరిగించుకోకుండా తన వీపు మీది కుచ్చుల చివర్లలో దాచుకుని తన ఆయుధంగా వాడుకుంటుంది. శత్రువు తుపాకీ లాక్కుని నడుముకు కట్టుకున్నట్టు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్లు. అందుకే అది దేని మీద పాకుతుందో చూస్తే ఏం తింటుందో తెలుస్తుంది, ఏం తింటుందో తెలిస్తే పేరు సగం దొరికినట్టే.

ఇప్పుడు రెండో ఫోటో. సీ లెమన్ అన్నారు తమ్ముడు, సరే, కానీ ఆ పేరుతో ఆ తీరంలో రెండు జాతులు ఉన్నాయి, రెండూ పసుపే, రెండింటికీ నల్ల చుక్కలే. తేడా చుక్కలు ఎక్కడ పడ్డాయన్న దాంట్లో ఉంది. వీపు మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి కదా, నలుపు ఆ బొడిపెల మీదికి కూడా ఎక్కితే డోరిస్ మాంటెరెయెన్సిస్. బొడిపెల మధ్య సందుల్లోనే ఉండి బొడిపెలు మాత్రం పసుపుగా మిగిలితే పెల్టోడోరిస్ నోబిలిస్. ఇంకో గుర్తు, వెనక విచ్చుకున్న ఆ పువ్వు. అది దాని మొప్పలు. నోబిలిస్‌కు తెల్లగా ఉంటుంది, మాంటెరెయెన్సిస్‌కు ఒంటి రంగే. ఈ ఫోటోలో పువ్వు తెల్లగా ఉన్నట్టు నాకు అనిపిస్తోంది గానీ టార్చ్ వెలుగు నేరుగా దాని మీదే పడింది, వెలుగుకు తెల్లబడిందో అసలు రంగే తెలుపో తేల్చలేను. ఇంకో ఫోటో ఉంటే పెట్టండి.

మూడోదానికి తమ్ముడు హెర్మిసెండా ఒపలెసెన్స్ అని ఖాయంగా రాశారు. ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. ఒకప్పుడు అలాస్కా నుంచి మెక్సికో దాకా, జపాన్‌లో కూడా అంతా ఒకటే జాతి అనుకునేవాళ్లు. 2016లో జన్యువులు చూసి మూడు ముక్కలు చేశారు. అమెరికా పడమటి తీరంలో రెండు ఉన్నాయి. ప్రతి కుచ్చు మీద నిలువుగా తెల్ల గీత ఉంటే హెర్మిసెండా క్రాసికార్నిస్, లేకపోతే ఒపలెసెన్స్. సియాటిల్ వైపు రెండూ దొరికే అవకాశం ఉంది కాబట్టి ఊరు పేరు చూసి చెప్పలేం, గీత చూడాల్సిందే. ఈ ఫోటో పెద్దది చేసి చూస్తే నాకు తెల్ల గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. కాబట్టి ఇది క్రాసికార్నిస్.

చివరగా, మీ ఆరు ఫోటోల్లో ఒక్క నక్షత్ర చేప కూడా లేదు. కనబడలేదా, తీయలేదా? ఆ తీరంలో సన్‌ఫ్లవర్ సీ స్టార్ అని 24 చేతుల దాకా ఉండేది, మీటరు వెడల్పు పెరిగేది. 2013 నుంచి ఒక జబ్బు వచ్చి నక్షత్ర చేపలు చేతులు రాలిపోయి జావలా కరిగి కోట్లలో చచ్చాయి. ఆ పెద్ద జాతికి దెబ్బ అన్నిటికన్నా ఎక్కువ తగిలింది, 2020లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. కారణం ఏమిటో పన్నెండేళ్లు దొరకలేదు, 2025లో విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని తేల్చారు. ఆ నక్షత్ర చేప తినాల్సిన అర్చిన్లు పెరిగిపోయి, కాలిఫోర్నియా ఉత్తర తీరంలో కెల్ప్ అనే పొడుగాటి సముద్రపు నాచు అడవులనే మేసేశాయి. ఎప్పుడైనా చాలా చేతులున్నది కనిపిస్తే వదలకుండా చేతులు లెక్కపెట్టండి. 10, 12 ఉంటే అది వేరే సన్ స్టార్ కావచ్చు. 20 దాటితే మాత్రం నాకు కూడా చెప్పండి.

హాలియా నుంచి వాంకోవర్:

సార్, ఒప్పుకుంటున్నా. 2016లో విడగొట్టిన సంగతి తెలుసు గానీ గీత ఎటు ఉంటే ఏదో తిరగేసి గుర్తుపెట్టుకున్నాను. అంటే నా లాగ్ బుక్‌లో (డైవుల వివరాలు రాసుకునే పుస్తకం) మూడేళ్లుగా రాసినవన్నీ తప్పే. ఇది నాకు కొత్త కాదు లెండి, మొదట్లో కెల్ప్ గ్రీన్‌లింగ్ అనే చేప మగదానికి నీలం చుక్కలు, ఆడదానికి ఇటుక రంగు చుక్కలు ఉంటే, రెండూ వేరు వేరు చేపలనుకుని ఏడాది పాటు రెండు పేర్లతో రాసుకున్నాను. ఒక ముసలి డైవర్ చూసి అరగంట నవ్వింది.

చెల్లె, ఇంకోటి అడగాలి. అదే చోట ఆక్టోపస్ చూశావా? సీక్రెస్ట్ అంటేనే జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఆక్టోపస్ జాతి. 2012 అక్టోబర్‌లో అక్కడే ఒక కుర్రాడు డైవింగ్ చేసి ఒకదాన్ని పట్టి ఒడ్డుకు తెచ్చాడు, చట్టప్రకారం అప్పటికి అది తప్పు కాదు. కానీ ఒడ్డున ఉన్న డైవర్లు ఫోటోలు తీసి పెట్టేసరికి ఊరంతా గొడవైంది. తర్వాతి ఏడాది సీక్రెస్ట్‌తో కలిపి ఏడు చోట్ల వాటిని పట్టడం నిషేధించారు.

సోమశిల ఒడ్డు:

నాకు డైవింగ్ తెలియదు, కృష్ణ ఒడ్డున సోమశిలలో పుట్టిన, శ్రీశైలం వెనక నీళ్లలో వల వేసే ఇంటోళ్లం. ఇంగ్లిష్ పేర్లు నోరు తిరగవు గానీ ఐదో ఫోటో చూసి ఆగిపోయాను. అచ్చం మన కొరమీను లెక్కనే ఉంది కదా! రూపు కాదు, గుణం. కొరమీను కూడా గుడ్లు పెట్టిన కాడి నుంచి కదలదు, పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీళ్ల మీదికి వచ్చేదాకా కింద కాపలా ఉంటుంది. తవుటి లెక్క ఎర్ర పిల్లలు పైకి తేలినయంటే కింద పెద్దది ఉన్నట్టే. అప్పుడు దాన్ని పట్టడం మస్తు అల్కగా ఉంటుంది, ఎందుకంటే అది పారిపోదు. మా తాత మాత్రం పిల్లలున్న కొరమీనును కొట్టనిచ్చేవాడు కాదు. మన రాష్ట్ర చేప కొరమీనే అని 2016లో పెట్టినప్పుడు మా ఊర్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఒక్కటే తేడా, కొరమీను పైకి వచ్చి గాలి మింగి పోతుంది, మడుగు ఎండిపోయేటప్పుడు కూడా బురదలో బతుకుతుంది. ఈ మీ సముద్రపు చేపకు ఆ అవసరం ఉందా? అంత లోతు నుంచి పైకి రావాలంటే గుడ్లు ఎవరు చూస్తారు మరి?

పాలమూరు జువాలజీ:

మంచి ప్రశ్న తమ్మీ. రావాల్సిన అవసరం లేదు. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, వేడి నీళ్లలో తక్కువ. ఎండాకాలం మన చెరువులు వేడెక్కి నీళ్లలో ఊపిరి అందకే కదా తెల్లారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ఒక్కోసారి తేలిపోతాయి. కొరమీనుకు ఆ చిక్కు లేదు, గాలి పీల్చే ఏర్పాటు ఉంది. లింగ్‌కాడ్ ఉన్న 8 డిగ్రీల నీళ్లలో ఆ సమస్య రాదు, పైగా ప్రవాహం ఎప్పుడూ గుడ్ల ముద్దలోంచి పారుతూ ఉండాలి, అందుకే నీళ్లు బాగా కదిలే రాళ్ల మధ్యే పెడతాయి.

నీళ్లు చల్లగా, పచ్చగా ఉండడానికీ, ఇన్ని జీవులు ఉండడానికీ కూడా సంబంధం ఉంది. అండమాన్‌లో నీళ్లు నీలంగా, అద్దంలా ఉన్నాయంటే అందులో ఎరువు తక్కువ అని అర్థం. పై పొర వేడెక్కి తేలికై మీదే ఉండిపోతుంది, అడుగున ఉన్న పోషకాలు పైకి రావు. అక్కడ ఉత్తరాన మాత్రం పోటుపాట్లకూ గాలికీ నీళ్లు కిందా మీదా కలుస్తూ ఉంటాయి, ప్లాంక్టన్ పొలంలా పండుతుంది, దాన్ని తినేవి అన్నీ లావెక్కుతాయి. వసంతంలో, ఎండాకాలంలో ఆ ప్లాంక్టన్ వల్లే చేయి చాపితే చేయి కనబడదు, మీరు జనవరిలో దిగారు కాబట్టి ఈ మాత్రమైనా ఫోటోలు వచ్చాయి.

నీలగిరి అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు రోజులు పెళ్లి పనుల్లో పడి రాయలేకపోయాను, మధ్యలో హల్దీ రోజు కూడా ఫోన్ తీసి మీ జవాబులు చదువుతుంటే అమ్మ తిట్టింది.

సార్, మీరు చెప్పినట్టు చూశాను. రెండోదానికి ఇంకో మసక ఫోటో ఉంది, పక్క నుంచి తీసింది, టార్చ్ నేరుగా పడలేదు. అందులో కూడా పువ్వు తెల్లగానే ఉంది, బొడిపెలు పసుపుగానే ఉన్నాయి, నలుపు సందుల్లోనే ఉంది. కాబట్టి నోబిలిస్ అని రాసుకున్నాను. కింద ఉన్నది రాయి అనుకున్నాను గానీ ఇప్పుడు చూస్తే మెత్తటి పసుపు పొరలాంటిది, చిన్న చిన్న రంధ్రాలు ఉన్నాయి. స్పాంజే అయి ఉంటుంది. అంటే తన అన్నం మీదే కూర్చుంది. ఈ ముక్క నాయినకు చెప్తే "నేను ఊకె అడుగుతనా" అన్నాడు.

లోతులు కూడా దొరికాయి. మణికట్టు మీది డైవ్ కంప్యూటర్ ప్రతి కొన్ని సెకండ్లకు లోతూ, నీళ్ల వేడీ రాసిపెడుతుందని తెలుసు గానీ ఎప్పుడూ తీసి చూడలేదు. ఫోటో తీసిన టైమూ, కంప్యూటర్ టైమూ పక్కపక్కన పెట్టి చూస్తే లింగ్‌కాడ్ 14 మీటర్ల దగ్గర, ముసలాయన 19 మీటర్ల దగ్గర, హెర్మిసెండా 6 మీటర్ల దగ్గర. కెమెరాలో టైము మూడు నిమిషాలు ముందుంది, అది సరిచేయడానికే ఒక పూట పట్టింది.

నక్షత్ర చేపలు చూశాను సార్, ఐదు చేతులవి, నారింజ రంగువి. మామూలువే కదా అని తీయలేదు. చేతులు ఎక్కువున్నది ఒక్కటీ కనిపించలేదు.

అన్నా, ఆక్టోపస్ కనిపించలేదు. కానీ మీరు అడిగాక గుర్తొచ్చింది. ముసలాయన ఉన్న చోటికి కొంచెం పక్కన ఒక గుంత ముందు ఎండ్రకాయ డొప్పలు కుప్పగా పడి ఉన్నాయి, కొన్ని గుల్లలు కూడా. ఎవరో తిని పారేసినట్టు. నేను దాని మీదుగా ఈదుకుంటూ వచ్చేశాను.

ఇంక ఆరో ఫోటో. దీని గురించే అసలు రాయాలని వచ్చాను. నిన్న రాత్రి నాయిన టీవీ ముందు కుర్చీ వేసుకుని పావుగంట దాన్నే చూశాడు. "కుడి పక్క కింద కన్నుంది" అన్నాడు. నాకు కనిపించలేదు. లేచి వెళ్లి టీవీ మీద వేలు పెట్టాడు. నిజంగానే ఉంది, గుండ్రటి కన్ను! కన్ను దొరికాక నోరు దొరికింది, నోరు దొరికాక మొత్తం చేప దొరికింది, ఇప్పుడు ఆ ఫోటోలో చేప తప్ప ఏం కనబడట్లేదు. ఇంతసేపూ ఎట్లా చూడలేదో అర్థం కావట్లేదు. జానెడు కన్నా కొంచెం పెద్దది, తల లావు, నోరు వెడల్పు, ఒంటి నిండా గోధుమ, బూడిద రంగు మచ్చలు, మీద ఏవో కుచ్చులు. 11 మీటర్లు. ఏమిటది?

బాయిలో ఈతగాడు:

మీ నాయినకు దండం మేడం. నేను రాళ్లు బాగున్నాయన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

హాలియా నుంచి వాంకోవర్:

నాకూ దండమే, రాళ్లని నవ్వింది నేను. అది స్కల్పిన్, అడుగున రాళ్లలో కలిసిపోయి కూర్చునే చేపల రకం. ఆ సైజుకు, ఆ నోటికి రెండే అనుమానాలు. ఒకటి రెడ్ ఐరిష్ లార్డ్, రెండోది బఫెలో స్కల్పిన్. రెడ్ అంటున్నారు ఇది గోధుమ రంగు కదా అనకు. నీళ్లలో దిగిన ఐదారు మీటర్లకే ఎరుపు మాయమైపోతుంది, 11 మీటర్ల దగ్గర టార్చ్ లేకుండా తీస్తే టమాటా కూడా బురద రంగులోనే పడుతుంది. కాబట్టి ఈ ఫోటోలో రంగును అస్సలు నమ్మకు. ఆకారం చూడాలి. వీపు రెక్క ముందు భాగం మెట్లు మెట్లుగా దిగితే ఐరిష్ లార్డ్. చెంప దగ్గర నుంచి వెనక్కి పొడుగ్గా ముల్లు ఉండి, ఒంటి పక్కన గట్టి పలకల వరస ఉంటే బఫెలో. మీ నాయిననే అడుగు, నాకన్నా ఆయన కళ్లే నయం.

డొప్పల కుప్ప గురించి చదివి తల పట్టుకున్నా చెల్లె. అది ఆక్టోపస్ ఇల్లు! తిన్న ఎండ్రకాయల డొప్పలు గడప ముందే పారేస్తుంది. పగలు ఎక్కువగా లోపలే ఉంటుంది. ఆగి, పక్కకు ఉండి, టార్చ్ లోపలికి వంకరగా కొట్టి ఉంటే కనీసం చేతుల మీద అతుక్కునే గుండ్రటి గిన్నెల వరస అయినా కనిపించేది. 19 మీటర్ల దగ్గర అని కంప్యూటర్‌లో ఉంది కదా, మళ్లీ వెళ్లినప్పుడు వెతుకు. గుడ్లు పెట్టిన ఆడదైతే ఆరు నెలలకు పైగా తిండి లేకుండా అక్కడే ఉండి, పిల్లలు బయటికి వచ్చాక చచ్చిపోతుంది, కాబట్టి లోపల తెల్లటి ముత్యాల దండల్లాంటివి కనబడితే వెలుగు ఎక్కువసేపు పెట్టకు.

సోమశిల ఒడ్డు:

చూసినరా, నేను చెప్పిన కొరమీను కథే మళ్లీ. ఈసారి తల్లి.

నీలగిరి అమ్మాయి:

వీపు రెక్క చూశాం. నాయిన మెట్లు ఉన్నాయంటున్నాడు, మూడు లెక్కపెట్టాడు. నాకు రెండే కనిపిస్తున్నాయి, మూడోదాని దగ్గర నాచు అడ్డం ఉంది. చెంప ముల్లు మాత్రం ఇద్దరికీ కనబడలేదు. రెడ్ ఐరిష్ లార్డ్ అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫోటోలు పెడితే జనం పేర్లు చెప్పే సైట్) ఆరూ లోతుతో సహా ఎక్కించాను, అక్కడ ఎవరేమంటారో చూడాలి. వచ్చే ఆదివారం ఫ్లైటు. కొత్త టార్చ్ ఆర్డర్ పెట్టాను, రెండు. నాయిన రాతపలక కూడా కొనుక్కోమన్నాడు, నీళ్లలో పెన్సిల్‌తో రాసేది ఉంటుందని నేను చెప్పాక, "మరి 23 సార్లు ఎందుకు దిగినవ్ అది లేకుండ" అన్నాడు.